మూడో వరుస, చివరి కుర్చీ

ప్రతి ఏడూ ఫిబ్రవరి చివర్లో
సిరిపురం నించి బీచికి దిగే రోడ్డులో
ఆ చిన్న హాల్లో తెర విప్పి కట్టేది నేనే.
పూర్ణా మార్కెట్ వెనక మా టాకీసు
కల్యాణ మంటపం అయిపోయాక
ముప్పై రెండేళ్ళ ఆపరేటరు పనిలో నాకు మిగిలింది
ఏడాదికి ఐదు రోజుల ఈ ఫ్రెంచి సినిమాల పండగే.

కార్బన్ కడ్డీల వాసన లేదు, రీళ్ళ బరువు లేదు.
బొటనవేలంత ముక్కలో సినిమా అంతా పట్టేస్తుంది.
"జాగ్రత్త అసిరినాయుడు గారూ" అంటుంది హిమజ మేడమ్.
సైకిలు మీద పెట్టెలు మోసినవాణ్ణి,
దాన్ని చొక్కా జేబులో వేసుకుంటుంటే
ఏదో దొంగతనం చేసినట్టుంటుంది.

హాలు నిండదు. ఎప్పుడూ నిండలేదు.
యూనివర్సిటీ పిల్లలు, నేవీలో రిటైరైన ఓ కమాండరు,
ఏసీ కోసం వచ్చే ఇద్దరు,
చీకట్లోనే నోట్సు రాసుకునే గడ్డపాయన.
మా టాకీసులో తొలి ఆట అయితే
ఊడ్చిన కాగితం ముక్కలే రెండు బస్తాలు.
ఇక్కడ ఈల లేదు. హీరో వచ్చినా
అతనే హీరో అని తెలీదు.
వస్తాడు, కిటికీ తీస్తాడు, సిగరెట్టు ముట్టిస్తాడు,
తీరుబడిగా దుఃఖపడతాడు.
మొదటి ఏడాది అనుకున్నాను
మధ్యలో ఏదో రీలు పోయిందని.

తర్వాత లూర్దమ్మ గారొచ్చారు.
వాళ్ళమ్మ కాన్వెంటు వంటింట్లో
తెల్ల సిస్టర్లకి నలభై ఏళ్ళు సూపు కాచింది.
ఆ గుమ్మంలో పెరిగిన ఈవిడకి
వచ్చిన ఫ్రెంచి అంతా గిన్నెల చప్పుళ్ళ మధ్య వచ్చిందే.
తలుపు వెయ్యి. ఉప్పు తక్కువైంది.
మబ్బు పట్టింది, బట్టలు తీయి.
పడుకో తల్లీ.
అంతే. ప్రేమకి మాట తెలీదు. స్వేచ్ఛకీ తెలీదు.

తెర మీద ఇద్దరు గంటసేపు వాదించుకుంటారు.
అడుగున ఇంగ్లీషు అక్షరాలు వెళ్ళిపోతుంటాయి
స్టాపులో ఆగని సిటీబస్సుల్లా.
ఉన్నట్టుండి ఆవిడ పైకే అంటారు,
"సూపు చల్లారిపోయిందంటోంది."
ముందు వరుస వెనక్కి తిరిగి ఉష్ అంటుంది.
నాకు మాత్రం కథంతా తెలిసిపోతుంది.
చల్లారిన గిన్నె ముందు కూర్చున్న మనిషి
ఏ ఊరిదైతేనేం.

మొన్న నాలుగో రోజు కరెంటు పోయింది.
రైలు ప్లాట్‌ఫారం మీద ముసలాయన
ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు, అంతే.
జనరేటరు తాళం వాచ్‌మన్ దగ్గర,
వాచ్‌మన్ టీకొట్టు దగ్గర.
పదిహేడు మందిమి చీకట్లో.
కిటికీలు తీస్తే సముద్రం వినబడింది,
చేపల వాసన కూడా కొంచెం.

"ఏం చెప్పబోయాడంటారు?" ఎవరో కుర్రది అడిగింది.
"యుద్ధంలో పోయిన తమ్ముడి సంగతి," కమాండరు గారు.
"అప్పు," గడ్డపాయన.
లూర్దమ్మ గారు నోట్లోనే ఏదో ఫ్రెంచిలో అన్నారు.
పాండిచ్చేరి నించి పండగ కోసమొచ్చిన ఫ్రెంచి కుర్రాడు
చెమట తుడుచుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు.
ఇంకోసారి అనమన్నాడు. అన్నారు.
"తలుపు వెయ్యి, చలి వస్తోంది అన్నాను బాబూ,
స్టేషన్లో ఎవరైనా ఇంకేం అంటారు?"

అతను గబగబా ఏదో చెప్పాడు. కమాండరు గారు తెలుగులో పెట్టారు.
కొండల్లో వాళ్ళ బామ్మగారి ఊళ్ళో
తలుపుని అలాగే అనేవారట. ఆవిడ పోయాక
ఆ మాట మళ్ళీ ఎక్కడా వినలేదట.
వెతుక్కోవాలంటే విశాఖపట్నం రావాలని ఎవరికి తెలుసు.

కరెంటొచ్చింది. ముసలాయన
చెప్పాల్సింది చెప్పేశాడు. పొడుగాటి మాట.
అందరం మూడో వరుస వైపు చూశాం,
ఉష్ అన్న ముందు వరుస కూడా.
"ఇది వంటింటి మాట కాదు, నాకు రాదు," అన్నారావిడ.

ఆట అయ్యాక తెర మడుస్తుంటే దగ్గరకొచ్చారు,
చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాలు నొప్పి.
"అసిరినాయుడూ, వచ్చే ఏడు
కాస్త భోంచేసే సినిమాలు తెప్పించమని చెప్పు."